దొరకనివి వెయ్యి

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు ఐదుగురు. అరుగు మీద నులక మంచంలో జోగ తాత. రెండు చెవులూ వినపడవు, మంచం చాలక కాళ్ళు గుమ్మానికి అడ్డంగా చాపుకుని పడుకుంటాడు. పెరట్లో పొయ్యి దగ్గర హుంగే అత్త, కర్మ పని మీద పుట్టింటికి వచ్చింది. ఆమె కొడుకు సతీష్ బావ, హైదరాబాదు నుంచి బస్సులు మారి మారి, ఆఖరున ఎవరి బండి వెనకో కూర్చుని భేజ్జి దారి దుమ్మంతా నెత్తిన వేసుకుని మొన్న దిగినవాడు. పదో తరగతి పరీక్షలు రాసి హాస్టల్ ఖాళీ చేసి వచ్చిన లలిత. నాన్న మాడ, అమ్మ కోంటా సంతకు పోయారు కనక వాళ్ళు లెక్కలోకి రారు. ఐదో మనిషి వస్తుంది. ఆమె పోయి తొమ్మిది రోజులైంది, అయినా వస్తుంది. ఎల్లుండి కుండ నిలిపి పెద్దల్లో కలిపేదాకా ఆమె ఇంట్లో మనిషేనని వాళ్ళింటి కట్టు. పూటపూటకూ ఆమెకొక ఆకు వేస్తారు. ఆమె వచ్చిపోతూ ఉంటుంది కాబట్టి పగలూ రాత్రీ తలుపు మూయరు. పేరు పలకరు. అంతకన్నా గట్టి కట్టు ఇంకొకటుంది: ఆమె వాడిన ఏ వస్తువునూ చూపించి ఇది ఆమెది అనరు. అంటే దానికోసం వస్తుంది. చేతికర్ర గోడకు ఆనించి ఉంటే అది కర్ర, అంతే. దండెం మీద చీర ఉంటే అది గుడ్డ. తొమ్మిది రోజులుగా ఆ ఇంట్లో సగం సామాను ఎవరిదీ కాకుండా ఉంది.

సతీష్ తెచ్చిన డబ్బాకు పరీక్ష ఎండ వేళలోనే పెట్టాలి, ఎందుకంటే ఆ ఇంటికి కరెంటు కప్పు మీది సోలార్ పలక నుంచే, ఆ పలకకు బలం నడిపొద్దునే. నడింట్లో బోర్లించిన వెదురుబుట్ట మీద డబ్బా పెట్టాడు. అరచేతిలో పట్టేంత డబ్బా, దానికి అగ్గిపెట్టెంత తెర, పక్కన ఆకుపచ్చ దీపం, కడుపులో గోరంత మెమరీ కార్డు. హైదరాబాదులో సతీష్ పనిచేసే చిన్న కంపెనీ ఈ డబ్బాలు చేస్తోంది, టవర్ అందని ఊళ్ళలో పసిపిల్లల బరువులూ సూదులూ రాసుకునే ఆరోగ్య కార్యకర్తల కోసం. “దీని పని ఒకటే పిల్లా. పేరు చెప్పు, ఆ పేరు కింద దాచింది తీసిస్తది. ఇంకేం అడగదు. పేరును కీ అంటం, దాచిందాన్ని వాల్యూ అంటం. ఇప్పుడు చూసేదేందంటే, కార్డు ఎంత జోరుగ రాస్తది, నిండినకొద్ది ఎంత నెమ్మదిస్తది, ఎక్కడ మొరాయిస్తది. గంట పట్టుద్ది. బెంచ్‌మార్కు అంటరు దీన్ని.” డబ్బా తన లెక్కను ఆ కార్డు మీదే రాసుకుంటుందట, కార్డు పడుకుంటే లెక్క కూడా పడుకుంటుందట, అందుకని బయట ఒక కన్ను కావాలట. “నీ చేతిరాత ముత్యాలే. నిమిషానికోసారి మూడు అంకెలు నీ కాపీల దించు. నేను సిగ్నలు దొరికే గుట్టెక్కి ఆఫీసోళ్ళతోని మాట్లాడి వస్త. దీపం మిణుకుతున్నంతసేపు పని నడుస్తున్నట్టు. మిణకకుండ నిలిచి వెలిగితే మంచిగ మూసుకుని ఆగినట్టు. డబ్బా మాత్రం ముట్టకు. రాస్తుంటే వైరు గుంజితివా, కార్డు మొత్తం చచ్చిపోతది, ఇక ఏ డాక్టరూ బతికించలేడు.” లలిత తల ఊపింది. ఆమె సాధారణంగా తల ఊపుతుంది. సతీష్ చెప్పులు వేసుకుని, తాత కాళ్ళ చుట్టూ తిరిగి, ఇంటి ఎదుటి బోడిగుట్ట ఎక్కాడు.

ఒకటో నిమిషం. సెకనుకు రాసినవి 3,140. దొరకనివి వెయ్యి. కార్డు నిండింది నూటికి రెండు పాళ్ళు. రెండో నిమిషం. 3,122, వెయ్యి, నాలుగు. హాస్టల్లో అందరూ నోటుపుస్తకాన్ని కాపీ అంటారు, లలిత కూడా అలాగే అంటుంది, బళ్ళో హిందీ రాసే కాపీలు వేరు, ఇది వేరు, ఇందులో తెలుగు, చర్లలో మేనమామ ఇంట ఉన్న రెండేళ్ళలో నేర్చుకున్న తెలుగు. మొదటి పేజీ నుంచి చివరిదాకా నోటితో ఎవరికీ చెప్పని మాటలే. ఇప్పుడు వాటి పక్కన ఈ అంకెలు, కొత్త చుట్టాల్లా బిగదీసుకుని కూర్చున్నాయి. మూడో నిమిషం, 3,131, వెయ్యి, ఆరు. ఆ వెయ్యి ఏమిటో సతీష్ బావ నవ్వుతూ చెప్పాడు, నిమిషానికోసారి అసలు లేని పేర్లు వెయ్యి అడుగుతుందట డబ్బా, వెయ్యికి వెయ్యి దొరకలేదని రావాలట. పుట్టని పిల్లల పేర్లనుకో, అన్నాడు. లేనిదాన్ని ఉందని చెప్పే డబ్బా మాకొద్దు, అన్నాడు. ఒక్క పేరు పలకడానికి అందరూ తొమ్మిది రోజులుగా నోరు కట్టుకున్న ఇంట్లో నిమిషానికి వెయ్యి పేర్లు, పెదవులు లేకుండా, గొంతు లేకుండా, తలుపు తీసి ఉన్న ఇంట్లో. ఎవరైనా వింటే? వినదు, ఇది మనుషుల పిలుపు కాదు. ఐదో నిమిషం. దీపం మిణుకుతోంది, పసిబిడ్డ మాడు కొట్టుకున్నట్టు, పైకీ కిందికీ, పైకీ కిందికీ.

ఇప్పపువ్వు వాసన వస్తోంది వాకిట్లోంచి, చాపల మీద ఆరబోసినది, తియ్యగా. పువ్వు ఏరే రోజుల్లో అవ్వ చీకటితోనే లేపేది, నిద్ర కళ్ళతో ఆమె వెనకే పోవడం, ఆమె చెప్పే మాటలు వెనక నడిచేవాళ్ళ కోసం కాదు, తనకోసం, చెట్ల కోసం, అయినా లలిత వినేది. ఈ లోకంలో లలిత సంకోచం లేకుండా వినగలిగిన గొంతు అదొక్కటే. అందుకే కదా నాన్న పాత ఫోను చేతికి రాగానే ఆ గొంతును పట్టింది, దొంగతనంగా, కొంగు కింద పెట్టుకుని. నలభై మూడు ముక్కలు. కోళ్ళను తిట్టడం ఒకటి. చేదు దుంపను ఏటినీళ్ళలో ఎన్నిసార్లు కడగాలో ఒకటి. సగం మరిచిపోయిన పాట, మరిచిపోయిన చోట తననే తిట్టుకోవడం. ఒక ముక్కలో అసలు మాటే లేదు, ఫోను ఆపడం మరిచిపోయి తనూ నిద్రపోయింది, నలభై నిమిషాలు కప్పు మీద వాన, వాన కింద అవ్వ గురక, ఒకచోట గురక ఆగి, ఆగి, మళ్ళీ మొదలవుతుంది. ఆ ముక్క అంటే లలితకు ప్రాణం. ఆఖరి ముక్క ఆమె పోవడానికి మూడు రోజుల ముందుది, అవ్వ ఆ పూట ఫోను చూసేసింది.

“ఏంది పిల్లా అది? దీంట్ల నేను ఉంటనా?”

“ఉంటవ్ అవ్వా.”

“పిలిస్తే పలుకుతనా?”

“పలుకుతవ్.”

అవ్వ పొయ్యిలోకి పుల్ల ఎగదోసింది, ఆ పుల్ల చిట్లడం కూడా అందులో ఉంది. తర్వాత, “అయితే పిలవకు,” అంది.

పిలవలేదు. ఫోను తెర అవ్వ పోయిన మూడో రోజునే గుడ్డిదైంది, మొన్న సతీష్ బావ వచ్చాక ఆ ముక్కలన్నీ ఉన్న మెమరీ కార్డు తీసి, అతనిలాగే తెల్ల పట్టీ అంటించి, పెన్ను పట్టుకుని కూర్చుంది. ఏమని రాయాలి? పేరు రాయకూడదు. అవ్వది అని రాయకూడదు, రాయడమూ అనడమే కదా. ఆ పొద్దు చింతపండు గింజ తీస్తోంది, వేళ్ళకు జిగురు, పట్టీ మూల గోధుమరంగు మరక పడింది, అంతే, అదే దాని గుర్తు. ఎల్లుండి కుండ నిలిపాక రాయొచ్చులే అనుకుంది. ఎల్లుండి నుంచి వినొచ్చు కూడా. ఎనిమిదో నిమిషం, 3,060. పదో నిమిషం, 2,988, వెయ్యి, ఇరవై ఒకటి. చనిపోయినవాళ్ళ గుర్తుగా భేజ్జి దారిలో రాళ్ళు నిలబెట్టి ఉంటాయి, కొన్నింటి మీద రంగు బొమ్మలు, కొన్నింటి మీద ఏమీ ఉండవు, ఎండకూ వానకూ అరిగి, అయినా ఎవరి రాయో చుట్టుపక్కల వాళ్ళకు తెలుసు. డబ్బాలోనూ రాళ్ళున్నాయట. సతీష్ బావ నిన్న రాత్రి అన్నం తింటూ చెప్పాడు, ఒక పేరును తీసెయ్యమంటే డబ్బా తీసెయ్యదట, ఈ పేరుగలది పోయింది అని ఇంకో చీటీ రాసి పెడుతుందట, దాన్ని వాళ్ళ పనిలో సమాధిరాయి అంటారట. అత్త వెంటనే కసిరింది, తినేటప్పుడు ఆ మాటలేందిరా అని. రాయి కింద సామాను అలాగే ఉంటుందట. కొత్త కార్డు పెట్టినా అంతే, ఏమీ చెరపరు, పేర్ల పట్టిక ఒకటి చింపుతారు, సామాను ఎక్కడిదక్కడే ఉంటుంది ఎవరికీ తెలియకుండా, దాని మీద కొత్తది పడేదాకా. జాగా తక్కువైనప్పుడు డబ్బా ఊడుస్తుంది. ఊడ్చేటప్పుడు అన్ని పనులూ ఆపేస్తుంది, అప్పుడు అంకె సున్నాకు పడుతుంది, భయపడకు, అన్నాడు.

పన్నెండో నిమిషం. 2,904. దొరకనివి 999.

లలిత కళ్ళు నులుముకుంది. 999. తెర మీది అంకె మారింది, పదమూడో నిమిషం, 2,911, వెయ్యి, ఇరవై ఆరు. అంతా మామూలే. తను తప్పు చూసిందేమో. కాని కాపీలో ఉంది, తన చేతిరాతలోనే, మూడు తొమ్మిదులు, పైన వెయ్యి, కింద వెయ్యి. లేని పేర్లు వెయ్యి పిలిస్తే ఒకటి పలికింది. తల ఎత్తి గుమ్మంకేసి చూసింది. తాత కాళ్ళు లేవు. గుమ్మంలో ఎండ ఒక్కటే, పలకలా. రెండు క్షణాల్లో కాళ్ళు మళ్ళీ వచ్చాయి, మంచం చివర నుంచి మెల్లగా సాగి, ఎప్పటిలా అడ్డంగా. దోమ కుట్టి ఉంటుంది. ఇంటిల్లిపాదీ మంచం చుట్టూ తిరిగి లోపలికి రావలసిందే, తాత ఎవరికీ కాళ్ళు తియ్యడు, వినపడదు, నిద్రలోనూ తియ్యడు, చుట్టాలు వచ్చినా తియ్యడు. ఒక్క అవ్వ వస్తే తీసేవాడు. ఆమె ఆయన మోకాలి మీద చేత్తో తట్టేది, మూట దింపకుండానే, ఆయన కళ్ళు తెరవకుండానే కాళ్ళు ముడుచుకునేవాడు, ఆమె దాటాక మళ్ళీ చాపేవాడు. యాభై ఏళ్ళు. దోమే కుట్టి ఉంటుంది. గుమ్మం దగ్గరికి వచ్చిన కోడిపెట్ట లోపలికి తల పెట్టి చూసి, ఒక కాలు ఎత్తి, ఆ కాలు దించకుండా నిలబడి, వెనక్కి పోయింది.

పెన్నులో సిరా సన్నబడింది. ఇరవై రెండో నిమిషం అంకెలు గీతలుగా పడ్డాయి. ఇంకో రీఫిల్ బిస్కెట్ల డబ్బాలో ఉంటుంది, కర్మకు ఇల్లు అలికేటప్పుడు అత్త చిల్లర సామానంతా అందులో వేసింది, దారపు ఉండ, పిన్నీసులు, తాత కళ్ళజోడు విరిగిన కాడ, సతీష్ బావ కార్డులు. లలిత కూర్చున్నచోటు నుంచే చెయ్యి చాచి మూత తీసింది. రీఫిల్ దొరికింది. రీఫిల్ కింద ఒక కార్డు, తెల్ల పట్టీ మీద 1 అని రాసి ఉంది, అది నిన్న పరీక్ష పెట్టినది. దాని పక్కన ఇంకో కార్డు, తెల్ల పట్టీ, ఏమీ రాసి లేదు. నాది, అనుకుంది. తనది ఇందులోకి ఎలా వచ్చింది? తను దాచింది కర్ర వెనక గోడగూట్లో. ఇల్లు అలికినప్పుడు అత్త గూడు కూడా దులిపింది. కార్డు తీసి ఎండలోకి పట్టింది. పట్టీ తెల్లగా ఉంది, నాలుగు మూలలూ. మరక లేదు. మళ్ళీ తిప్పి చూసింది. కొత్తది, గీత పడనిది, సతీష్ బావ 2 అని రాద్దామనుకుని రాయని కార్డు. ఒకే డబ్బాలో, ఒకే రకం రెండు కార్డులు, రెండు ఖాళీ పట్టీలు, బావ చేతికి తగిలినది తీశాడు. మరక ఉన్నది బుట్ట మీద, డబ్బా కడుపులో ఉంది. ఇరవై మూడో నిమిషం. 2,417, వెయ్యి, నలభై నాలుగు.

నలభై నాలుగు పాళ్ళు. చెప్పు, చెప్పు లలితా, లే, పో. నూటికి నలభై నాలుగు, అంటే ఏవి? కోళ్ళా, దుంపలా, పాటా? ఏది ఎక్కడుందో కార్డుకే తెలుసు, పేర్ల పట్టిక చింపేశాక దానికీ తెలియదు. వాన ఇంకా ఉందా? గురక ఉందా? దాని మీద పుట్టని పిల్లల బరువులు పడుతున్నాయి, ముందున్న గొంతు మీద తర్వాతి అంకె, సెకనుకు రెండు వేల నాలుగు వందల పదిహేడు. వైరు గుంజితే? మొత్తం చచ్చిపోతుంది, బావ చెప్పాడు. గుంజకపోతే మెల్లగా చచ్చిపోతుంది. చెయ్యి వైరు దాకా పోయి ఆగింది. బావే ఆపాలి, బావకే తెలుసు ఎలా ఆపాలో. బావ గుట్ట మీద ఉన్నాడు. గుట్ట పైకి కేక వెయ్యాలి. కేక. లలిత నోటినుంచి కేక ఎప్పుడు వచ్చింది? హాస్టల్ మొదటి రోజు, కోంటాలో, మేడమ్ రిజిస్టర్ తెరిచి ఒక్కో పేరు పిలుస్తోంది, పిలిచినవాళ్ళు ఉపస్థిత్ అనాలి, ఉన్నానని. లలితా అని పిలిచింది. నోరు తెరుచుకుంది, గాలి కూడా వచ్చింది, మాట రాలేదు. మేడమ్ ఒక గుర్తు పెట్టి తర్వాతి పేరుకు పోయింది. మర్నాడూ అంతే. నెల రోజులు మూడో వరసలో కూర్చుని, అన్నం తిని, పలక తుడిచి, పడుకుని, రిజిస్టర్లో మాత్రం లేకుండా ఉంది. నెల తర్వాత అవ్వ వచ్చింది, నడిచి, మధ్యలో ఒక రాత్రి ఎవరింటి అరుగు మీదో పడుకుని. గేటు దగ్గర గుమాస్తా బాబు రిజిస్టర్ చూసి, అలాంటి పిల్ల రానేలేదు అన్నాడు. అవ్వ అతనితో వాదించలేదు. గేటు కడ్డీలు పట్టుకుని, కొండ అవతలి పశువును పిలిచినట్టు పిలిచింది, ఒక్కసారి. లోపల గిన్నెలు కడుగుతున్న లలిత పలికింది. అంత గట్టిగా తను పలికిందని తనకే తెలియదు. “పలకకపోతే లేనట్టేనే పిల్లా,” అంది అవ్వ గేటు దగ్గర, తల నిమురుతూ, “ఉన్నదానివి లేకుండ పోతవ్.”

ముప్పై ఒకటో నిమిషం. సున్నా, వెయ్యి, యాభై ఐదు. ఊడుస్తోంది. సున్నా. దీపం మిణకడం గబగబా అయింది, జ్వరంలో నాడిలా. రాళ్ళ కింద ఉన్నవన్నీ ఊడుస్తోంది, ఎవరూ పేరు పెట్టి పట్టుకోని ప్రతి దాన్నీ. లలిత లేచింది. కాపీ ఒళ్ళోంచి జారింది. పెరట్లోకి పోయింది. అత్త పొయ్యి ముందు వంగి ఊదుతోంది.

“అత్తా, ఆ కార్డు...”

“ఏంది గొణుగుతవ్? ఆకలైతుందా? అంబలి ఉంది, తాగుపో.”

“కాదు. కార్డు. బావ పెట్టింది. అది... అది మన...”

“మనది ఏంది? ఎవరిది?”

లలిత పెదవులు కదిలాయి. అత్త ముఖంలోకి చూసింది. పొగకు ఎర్రబడిన కళ్ళు, అవ్వ కళ్ళే, ముక్కూ అవ్వదే, తొమ్మిది రోజులుగా ఆ ముఖాన్ని చూసి కూడా ఎవరూ ఇది ఆమెది అనలేదు. అత్త ఊదుగొట్టం పక్కన పెట్టింది. ఏదో అర్థమైనట్టుంది, లేక పిల్ల చూపు చూసి భయపడినట్టుంది. “అనకు,” అంది మెల్లగా, “ఏదైనా సరే, ఎల్లుండి దాక అనకు. పో, తాతకు నీళ్ళియ్యిపో.”

లలిత ఇంట్లోకి తిరిగి వచ్చింది, గుమ్మంలోంచి, తాత కాళ్ళ చుట్టూ తిరిగి. ముప్పై ఎనిమిది. 870, 999, యాభై ఎనిమిది. ముప్పై తొమ్మిది. 866, 998. ఒకటి పలికింది, ఇప్పుడు రెండు. నలభై. 871, 996, అరవై. ఎవరు పలుకుతున్నారు? పిలవకు అంది అవ్వ. నేను పిలవలేదు అవ్వా, ఈ డబ్బా పిలుస్తోంది, వెయ్యి పేర్లు పిలుస్తోంది, అందులో నీ పేరు లేదు, ఉండదు, అవి పుట్టని పేర్లు. కాని చీకట్లో ఎవరినో పిలుస్తుంటే తననేమో అని తల ఎత్తేవాళ్ళు ఉండరా? తన పేరు తొమ్మిది రోజులుగా ఎవరూ పిలవనివాళ్ళు ఏ పేరుకైనా పలకరా? నెల రోజులు రిజిస్టర్లో లేకుండా ఉన్న పిల్లకు తెలియదా ఆ సంగతి? ఎవరి పేరు పిలిచినా అది తనదేనని గుండె ఎలా దడదడలాడుతుందో. నలభై ఒకటి. 869, 991, అరవై ఒకటి. వేసిన ఆకు మూలన ఉంది, పొద్దుటి అన్నం మీద పొర కట్టింది, గోడకు కర్ర ఉంది, దండెం మీద గుడ్డ ఉంది, ఎవరిదీ కాని సామానంతా డబ్బా వైపు తిరిగి చూస్తున్నట్టుంది. పేరు లేకపోతే ఊడ్చేస్తారు. పేరు పెడితే వస్తుంది. లలిత రెండు చేతులతో నోరు మూసుకుంది, తర్వాత ఆ చేతులు తీసింది, తర్వాత తను వాకిట్లో ఉంది, ఎలా వచ్చిందో తెలియదు, పాదాల కింద ఇప్పపువ్వు నలిగి జిగురుగా ఉంది, ఎదురుగా గుట్ట, గుట్ట మీద బండరాయి, రాయి మీద సతీష్ బావ, చెవి దగ్గర ఫోను.

“బావా!” మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారి మాట వచ్చింది. కోళ్ళు చెదిరాయి.

సతీష్ వెనక్కి తిరిగి, ఆగమన్నట్టు చెయ్యి ఎత్తాడు.

“ఆపు బావా! డబ్బా ఆపు!”

“ఏందే? అంకె పడిపోయిందా? ఊడుస్తుంటది, పోనీ! ముట్టకు!”

“కార్డు నీది కాదు!”

“ఎవరిదైతే ఏంది పిల్లా, కొత్తది కొనిస్త! ఇంకో ఇరవై నిమిషాలు, అంతే!”

అత్త గరిటెతోనే పెరటి మలుపు తిరిగి వచ్చింది. “ఏమైందే, నోట్లె మాటలేని పిల్ల ఊరు లేపుతుంది,” అంటూ, నవ్వబోతూ. లలిత ముఖం చూసి ఆగిపోయింది. “లలితా, వద్దు,” అంది.

గేటు కడ్డీలు పట్టుకున్న రెండు ముసలి చేతులు. కొండ అవతలికి వినపడే పిలుపు. పలకకపోతే లేనట్టేనే. లలిత ఊపిరి నిండుగా తీసుకుంది.

“గంగే అవ్వది! ఆ కార్డు గంగే అవ్వది! అవ్వ మాటంతా దాంట్ల ఉంది!”

గుట్ట ఒకసారి తిరిగి చెప్పింది, గంగే అవ్వది. తర్వాత ఏ చప్పుడూ లేదు. అత్త చేతిలో గరిటె కింద పడింది, ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. సతీష్ చెవి దగ్గరి ఫోను దింపి ఒక్క క్షణం నిలబడి, చెప్పులు వదిలేసి, బండల మీద జారుతూ, చేతులు ఆనించుకుంటూ పరుగున దిగుతున్నాడు. గాలి లేదు. పెరట్లో పొయ్యి పొగ దారం కట్టి పైకి లాగినట్టు తిన్నగా పోతోంది. ఆకులు కదలడం లేదు. అత్త పక్కన ఉంది. బావ గుట్ట మీద ఉన్నాడు. తాత అరుగు మీద, మంచంలో, కళ్ళు మూసుకుని. లలిత వాకిట్లో. నలుగురూ బయటే.

తాత కాళ్ళు ముడుచుకున్నాడు.

కళ్ళు తెరవలేదు. మోకాళ్ళు మెల్లగా పైకి తీసుకుని, మూటతో ఒక ముసలి మనిషి గుమ్మం దాటడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు అలాగే పట్టుకుని, మళ్ళీ చాపాడు. లలిత పరుగెత్తింది. మంచం చుట్టూ తిరిగింది, మోకాలు మంచం కోడుకు తగిలింది, గుమ్మం మీద చెయ్యి వేసింది. లోపల చల్లగా ఉంది. బుట్ట మీద డబ్బా ఎక్కడిదక్కడే ఉంది. ఆకుపచ్చ దీపం మిణకడం లేదు. నిలిచి వెలుగుతోంది, కదలకుండా, అన్నీ మంచిగా మూసుకుని ఆగినప్పుడు వెలిగేటట్టు. గోడకు ఆనించిన కర్ర అక్కడ లేదు. అవ్వా, అనబోయింది. ఎదురుగా, తొమ్మిది రోజులుగా ఎవ్వరూ ముట్టని తలుపు రెక్క గోడను వదిలి, కిర్రుమని, తొందర లేకుండా వచ్చి లలిత చేతి వేళ్ళ ముందు ఒక్క క్షణం ఆగింది, వేళ్ళు వెనక్కి తీసుకొమ్మన్నట్టు. ఆమె తీసుకుంది. లోపలినుంచి తలుపు మూసి గడియ వేశారు.